జాతి వివక్ష నిషేధం: సంతకాలు అయ్యాయి, పని మిగిలింది

సంక్షిప్తంగా

జాతి వివక్షను రూపుమాపడానికి ఐక్యరాజ్య సమితి తెచ్చిన ఒడంబడికకు అరవై ఏళ్లు నిండాయి. ఇప్పుడు 182 దేశాలు అందులో భాగస్వాములు. వివక్షనే చట్టంగా రాసుకున్న దక్షిణాఫ్రికా పాలనను ఒంటరిని చేయడంలో సమితి వేదికలు గట్టిగా పని చేశాయి. నేటి వివక్ష మాత్రం చట్టాల్లో అరుదుగా కనిపిస్తుంది. పోలీసు తనిఖీల్లో, పౌరసత్వ నిబంధనల్లో, కంప్యూటర్ వేసే లెక్కల్లో అది దాగి ఉంటుంది. దాన్ని నిరూపించే భారం బాధితుల మీద పడుతోంది. దాని గురించి నివేదిక రాసే పని ఆయా ప్రభుత్వాల చేతుల్లోనే ఉంది. బానిసత్వం, వలస పాలనల నష్టపరిహారంపై ఒప్పందం కుదరకపోవడం మరో ప్రతిష్టంభన.

మాట ఎక్కడ మొదలైంది

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో పారిస్‌లో నానాజాతి సమితి నిబంధనావళి తయారవుతున్నప్పుడు, జాతుల సమానత్వాన్ని అందులో చేర్చాలని జపాన్ ప్రతిపాదించింది. ఏప్రిల్ 11న ఓటు పెడితే 17లో 11 ఓట్లు అనుకూలంగా పడ్డాయి. అయినా అధ్యక్ష స్థానంలో ఉన్న అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్, ఇంత గంభీరమైన విషయానికి ఏకాభిప్రాయం కావాలంటూ దాన్ని పక్కన పెట్టారు. వలసలను శ్వేతజాతీయులకే పరిమితం చేస్తూ వచ్చిన ఆస్ట్రేలియా ప్రధాని బిల్లీ హ్యూస్ ఆ ప్రతిపాదనకు బద్ధ వ్యతిరేకి. సమానత్వం కోరిన జపాన్ కూడా అప్పటికే 1910 నుంచి కొరియాను తన వలసగా ఏలుతోంది. జాతి వివక్షను ఎదుటి దేశంలో గుర్తుపట్టినంత సులువుగా సొంత ఏలుబడిలో గుర్తించకపోవడం ఈ చరిత్రలో మొదటి అధ్యాయం నుంచే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు జాతి సిద్ధాంతం పేరుతో సాగించిన మారణకాండ చూశాక ఆ విషయాన్ని తప్పించుకోవడం ఎవరికీ వీలు కాలేదు. 1945 నాటి ఐక్యరాజ్య సమితి ఛార్టర్ తొలి అధికరణలోనే జాతి, లింగ, భాషా, మత భేదాలు లేకుండా అందరికీ హక్కులు అన్న లక్ష్యం చేరింది. అదే ఛార్టర్ రెండో అధికరణలో దేశాల ఆంతరంగిక వ్యవహారాల్లో సమితి జోక్యం చేసుకోరాదన్న నియమమూ చేరింది. ఈ రెండింటి మధ్య పెనుగులాట ఇప్పటికీ తీరలేదు. ఛార్టర్ ప్రవేశికలో మానవ హక్కుల ప్రస్తావన రావడానికి తోడ్పడిన జాన్ స్మట్స్, నల్లజాతీయులకు ఓటు హక్కు లేని దక్షిణాఫ్రికాకు ఆ రోజుల్లో ప్రధానమంత్రి.

1946లో ఆ స్మట్స్ ప్రభుత్వమే అక్కడి భారతీయులు ఎక్కడ భూమి కొనవచ్చో, ఎక్కడ ఉండవచ్చో నిర్దేశిస్తూ చట్టం తెచ్చింది. ఇంకా స్వాతంత్ర్యం రాని భారతదేశం దాని మీద సర్వప్రతినిధి సభలో ఫిర్యాదు చేసింది. ప్రతినిధి బృందానికి విజయలక్ష్మీ పండిత్ నాయకత్వం వహించారు. అది తమ ఇంటి వ్యవహారమని దక్షిణాఫ్రికా వాదించింది. డిసెంబరు 8న తీర్మానం 32 - 15 ఓట్లతో నెగ్గింది. ఒక దేశం తన ప్రజలతో ఎలా వ్యవహరిస్తుందన్నది ప్రపంచం మాట్లాడదగిన సంగతేనని ఆ ఓటుతో తేలింది.

మాట్లాడటం వరకే తేలింది. 1947లో అమెరికాలోని నల్లజాతీయుల స్థితిగతులపై అక్కడి నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్ ఆధ్వర్యంలో తయారైన విన్నపపత్రం సమితికి చేరేసరికే, మానవ హక్కులపై వచ్చే ఫిర్యాదుల విషయంలో ఏ చర్యా తీసుకునే అధికారం తనకు లేదని మానవ హక్కుల సంఘం ప్రకటించుకుని ఉంది. మరుసటి ఏడాది డిసెంబరు 10న సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనకు 48 దేశాలు ఓటేశాయి, 8 దేశాలు తటస్థంగా ఉన్నాయి, వ్యతిరేకించినవారు ఒక్కరూ లేరు. అందరి హక్కులనూ ప్రకటించిన సంస్థ వద్ద, హక్కు పోయినవారి ఉత్తరం చదివి చర్య తీసుకునే ఏర్పాటు మాత్రం ఆనాటికి లేదు. అలాంటి ఫిర్యాదులను పరిశీలించే పద్ధతులు 1967లో, 1970లో వచ్చేదాకా ఆ తలుపు కొద్దిగానైనా తెరుచుకోలేదు.

చిరునామా ఉన్న వివక్ష

దక్షిణాఫ్రికాలో 1948లో అధికారంలోకి వచ్చిన నేషనల్ పార్టీ వివక్షను దాచుకోలేదు. అపార్థీడ్ పేరుతో జాతుల వేర్పాటునే పాలనా విధానం చేసుకుంది. 1950 నాటి జనాభా నమోదు చట్టం ప్రతి మనిషికీ ఒక జాతి ముద్ర వేసింది. తెల్లవారా, 'కలర్డ్' అనే మిశ్రమ జాతివారా అన్న సందేహం వచ్చినప్పుడు అధికారులు జుట్టులో పెన్సిల్ దూర్చి చూసేవారు. అది జారి కింద పడితే ఒక జాతి, నిలిచిపోతే మరో జాతి. ఆ పెన్సిల్ మీద ఆధారపడి ఒకే ఇంట్లో పుట్టినవారు వేర్వేరు జాతుల కింద నమోదై, వేర్వేరు పేటల్లో బతకాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. నల్లజాతీయులు నగరాల్లో తిరగాలంటే పాసు పుస్తకం దగ్గర ఉండాలి. ఆ పాసు చట్టాలకు వ్యతిరేకంగా 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీస్ స్టేషన్ ముందు చేరిన జనంపై కాల్పులు జరిపి 69 మందిని చంపారు. జాతి వివక్ష నిర్మూలన దినంగా ప్రపంచం మార్చి 21ని పాటించడం అందుకే.

అంత బాహాటంగా ఉన్న వివక్ష మీద కూడా చర్య ఎంత నెమ్మదిగా సాగిందో గమనించాలి. నైరుతి ఆఫ్రికాలో (ఇప్పటి నమీబియా) దక్షిణాఫ్రికా సాగిస్తున్న జాతి పాలనపై ఇథియోపియా, లైబీరియా 1960లో అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లాయి. ఆరేళ్ల విచారణ తర్వాత న్యాయమూర్తులు 7 - 7గా చీలిపోగా, అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో కేసు కొట్టివేశారు. ఈ విషయంలో ఆ రెండు దేశాలకు ప్రత్యక్షమైన చట్టపరమైన ప్రయోజనం లేదన్నది కారణం. 1974లో దక్షిణాఫ్రికాను సమితి నుంచి బహిష్కరించాలన్న ప్రతిపాదనను అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి వీటో చేశాయి. ఆయుధాల అమ్మకంపై అందరూ పాటించి తీరాల్సిన ఆంక్షలు 1977లో గాని రాలేదు. భారతదేశం ఫిర్యాదు చేసిన 1946 నుంచి లెక్కిస్తే అందుకు 31 ఏళ్లు పట్టింది.

అయినా ఆ ఒత్తిడి చివరకు ఫలించింది. అంతర్గత పోరాటమే అసలు బలం. దానికి తోడుగా క్రీడల నుంచి వెలి, బ్యాంకుల వెనుకంజ, 1986లో అధ్యక్షుడు రీగన్ వీటోను తోసిపుచ్చి అమెరికా కాంగ్రెస్ చేసిన ఆంక్షల చట్టం వచ్చాయి. 1991లో జనాభా నమోదు చట్టం రద్దయింది. 1994లో అందరూ ఓటేశారు.

ఈ విజయం ఒక నమూనాగా స్థిరపడిపోయింది. ఒక ప్రభుత్వం, దాని చేతిలో ఒక చట్టం, దాని మీద తీర్మానం, ఆ పైన ఆంక్షలు అన్నది ఆ వరస. వివక్షకు చిరునామా ఉన్నంతకాలం ఆ వరస పనికొచ్చింది. ఏ చట్టంలోనూ జాతి పేరు లేకుండా ఫలితాల్లో మాత్రం జాతి భేదం కనిపించే దేశాల విషయంలో ఏం చేయాలన్నది ఆ నమూనా నేర్పలేదు. నేడు మిగిలి ఉన్న పనిలో పెద్ద భాగం అదే.

1965 ఒడంబడిక ఎలా పని చేస్తుంది

1959 చివర్లో, 1960 మొదట్లో ఐరోపా నగరాల్లో యూదుల ప్రార్థనాలయాల మీద స్వస్తిక గుర్తులు వెలిశాయి. అదే 1960లో ఆఫ్రికా నుంచి 16 కొత్త దేశాలు సమితిలో చేరాయి. ఈ రెండింటి ఒత్తిడితో జాతి వివక్ష నిర్మూలన ఒడంబడిక 1965 డిసెంబరు 21న ఆమోదం పొంది, 1969 జనవరి 4న అమల్లోకి వచ్చింది. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక కంటే ఇదే ముందు పుట్టింది. వివక్ష నిర్వచనంలో జాతి, రంగు, పుట్టుక, జాతీయ మూలం, తెగ మూలం చేరాయి. వివక్ష చూపాలన్న ఉద్దేశం ఉన్నా లేకున్నా, ఫలితంలో వివక్ష ఉంటే అదీ వివక్షేనని ఒడంబడిక చెప్పింది. ఆ కాలానికి అది చాలా దూరదృష్టితో వేసిన అడుగు.

చిక్కంతా అమలులో ఉంది. ఒడంబడికలో చేరిన దేశం ప్రతి రెండేళ్లకూ తన పనితీరుపై తానే నివేదిక ఇవ్వాలి. దాన్ని 18 మంది నిపుణుల కమిటీ జెనీవాలో పరిశీలించి, ప్రశ్నలు వేసి, సిఫార్సులు ఇస్తుంది. లెక్క వేస్తే 182 దేశాలు రెండేళ్లకోసారి అంటే ఏటా సుమారు 90 నివేదికలు రావాలి. ఏటా కొన్ని వారాలు మాత్రమే సమావేశమయ్యే కమిటీ అందులో మూడో వంతును చూడటం కూడా కష్టం. కాబట్టి దేశాలు ఆలస్యం చేయడం మీదే ఈ ఏర్పాటు నడుస్తోందనాలి. రెండు మూడు విడతల నివేదికలను కలిపి ఒకేసారి ఇవ్వడం ఆనవాయితీ అయిపోయింది. ఐక్యరాజ్య సమితి సాధారణ బడ్జెట్‌లో మానవ హక్కులకు అందేది అయిదు శాతం లోపే.

కమిటీ సిఫార్సు చేయగలదు, ఆదేశించలేదు. వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేసుకోవడానికి పద్నాలుగో అధికరణ వీలు కల్పిస్తుంది. అయితే అది ఐచ్ఛికం. దానికి ఒప్పుకున్నవి మూడో వంతు దేశాలే. అంటే ఒడంబడికలో ఉన్న మూడింట రెండు వంతుల దేశాల ప్రజలకు ఈ కమిటీ తలుపు తట్టే హక్కు లేదు. భారతదేశం 1968లోనే ఒడంబడికను ధ్రువీకరించినా ఈ ఫిర్యాదుల పద్ధతిని అంగీకరించలేదు. వివాదాలను అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకెళ్లే అధికరణపైనా షరతు పెట్టింది. అమెరికా 1966లో సంతకం చేసి, ధ్రువీకరించడానికి 1994 దాకా ఆగింది. అప్పుడు కూడా జాతి విద్వేష ప్రచారాన్ని నేరంగా చూడాలన్న నాలుగో అధికరణను తన రాజ్యాంగంలోని వాక్ స్వాతంత్ర్యానికి లోబడి మాత్రమే పాటిస్తానంది. వాక్ స్వాతంత్ర్యం మీద ఆ దేశానికున్న పట్టింపు నిజమైనదే. అయితే ఒక్కో దేశం తనకు ఇబ్బంది అనిపించిన చోట షరతు పెట్టుకుంటూ పోతే, అందరూ చేరిన ఒడంబడిక కూడా ఒక్కో చోట ఒక్కో రకంగా మిగులుతుంది.

ఈ విషయంలో 'పుట్టుక' అన్న ఒక్క మాట చుట్టూ నడిచిన వివాదం చాలా చెబుతుంది. 1965లో ఆ మాటను చేర్చమని ప్రతిపాదించిన దేశాల్లో భారతదేశం ముఖ్యమైనది. పుట్టుకను బట్టి వచ్చే అంతరాల్లో కులం కూడా ఒకటని కమిటీ వ్యాఖ్యానిస్తూ వచ్చింది. 2002లో తన 29వ సాధారణ సిఫార్సులో దాన్ని స్పష్టంగా రాసింది. తన రాజ్యాంగం పదిహేనో అధికరణలో జాతిని, కులాన్ని వేర్వేరుగా పేర్కొన్నదని, కుల వివక్షపై తనకు ప్రత్యేక చట్టాలు, రిజర్వేషన్లు ఉన్నాయని, కులం ఈ ఒడంబడిక పరిధిలోకి రాదని భారత ప్రభుత్వం వాదించింది. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతి వివక్షపై సమితి జరిపిన ప్రపంచ సదస్సులో దళిత సంఘాలు ఇదే విషయాన్ని లేవనెత్తగా, తుది పత్రంలో కులం అన్న పదం చేరలేదు. దక్షిణాఫ్రికా విషయంలో ఆంతరంగిక వ్యవహారమన్న వాదనను బద్దలుకొట్టిన దేశమే ఆ వాదనకు దగ్గరగా నిలబడటం, రాజ్యాల వ్యవహార సరళిలో ఒక స్థిరమైన లక్షణాన్ని చూపిస్తుంది. ఈ లక్షణం ఏ ఒక్క దేశానికో పరిమితం కాదు.

పౌరసత్వం దగ్గర పడిన సందు

ఒడంబడిక మొదటి అధికరణ రెండో భాగం ప్రకారం పౌరులకూ, పౌరులు కానివారికీ మధ్య చూపే తేడా ఈ ఒడంబడిక కిందికి రాదు. వీసాలు, ఓటు హక్కు వంటి వాటికి ఇది అవసరమైన మినహాయింపే. కానీ ఎవరినైనా ముందుగా పౌరుల జాబితాలో నుంచి తీసేస్తే, ఆ తర్వాత వారిపై చూపే తేడా అంతా పౌరసత్వపు తేడాగా మారిపోతుంది.

మయన్మార్ 1982 పౌరసత్వ చట్టం, 1823కు ముందు నుంచి ఆ దేశంలో ఉన్నట్లు ప్రభుత్వం గుర్తించిన తెగలకే పూర్తి పౌరసత్వం ఇచ్చింది. ఆ గుర్తింపు పొందిన తెగల్లో రోహింగ్యాలు లేరు. పౌరులు కాకపోవడంతో ప్రయాణం, పెళ్లి, చదువు, వైద్యం ఒక్కొక్కటిగా అనుమతుల మీద ఆధారపడ్డాయి. 2017 ఆగస్టు నుంచి సైనిక దాడుల మధ్య ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2019లో గాంబియా అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసిన కేసు జాతి వివక్ష ఒడంబడిక కింద నడవలేదు, ఎందుకంటే మయన్మార్ అందులో సభ్యదేశం కాదు. జాతి నిర్మూలన నేరంపై 1948లో వచ్చిన ఒడంబడిక ఒక్కటే మిగిలిన ఆధారం. అంటే దశాబ్దాల వివక్ష సాగినంతకాలం పట్టుకోవడానికి ఏమీ లేక, హత్యాకాండ దాకా వచ్చాక గాని కోర్టు మెట్లు ఎక్కే వీలు కలగలేదు.

డొమినికన్ రిపబ్లిక్‌లో 2013 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు 1929 దాకా వెనక్కి వెళ్లి, సరైన పత్రాలు లేని విదేశీ తల్లిదండ్రులకు అక్కడ పుట్టినవారి పౌరసత్వాన్ని చెల్లదంది. దెబ్బ తగిలింది ముఖ్యంగా హైతీ మూలాలున్నవారికి. తీర్పులో జాతి ప్రస్తావన లేదు. 2021లో ఖతార్, యూఏఈ కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం, ఒడంబడికలోని 'జాతీయ మూలం' అన్న మాటకు ప్రస్తుత పౌరసత్వం అన్న అర్థం రాదని తేల్చి సందును ఇంకాస్త వెడల్పు చేసింది.

శరణార్థుల విషయంలో 2022 ఒక పోలికను కళ్లముందు పెట్టింది. ఐరోపా సమాఖ్య 2001లో చేసి అంతవరకూ ఒక్కసారీ వాడని తాత్కాలిక రక్షణ నిబంధనను ఉక్రెయిన్‌వాసుల కోసం యుద్ధం మొదలైన పది రోజుల్లోపే అమల్లోకి తెచ్చింది. అది చేయదగిన పనే, బాగా చేసిన పని కూడా. అయితే 2015లో సిరియా, అఫ్గానిస్తాన్‌ల నుంచి వచ్చినవారికి అదే నిబంధన తెరుచుకోలేదు. 2022లోనే ఉక్రెయిన్ సరిహద్దుల్లో ఆఫ్రికన్లను వెనక్కి నెట్టారన్న వార్తలపై ఆఫ్రికా సమాఖ్య ఫిబ్రవరి 28న బహిరంగంగా నిరసన తెలిపింది.

డర్బన్‌లో ఒక వాక్యం

2001 ఆగస్టు 31 నుంచి సెప్టెంబరు 8 వరకు డర్బన్‌లో జరిగిన ప్రపంచ సదస్సు, ఈ విషయంపై సమితి చేసిన అతి పెద్ద ప్రయత్నం. ఇజ్రాయెల్ - పాలస్తీనా ప్రస్తావనల మీద గొడవతో, సదస్సు పరిసరాల్లో వినిపించిన యూదు వ్యతిరేక మాటలతో అమెరికా, ఇజ్రాయెల్ మధ్యలోనే వెళ్లిపోయాయి. సదస్సు ముగిసిన మూడు రోజులకు సెప్టెంబరు 11 దాడులు జరగడంతో ప్రపంచం చూపు పూర్తిగా మళ్లింది. 2009 సమీక్షను, 2021లో ఇరవయ్యేళ్ల సమావేశాన్ని కూడా పలు పాశ్చాత్య దేశాలు బహిష్కరించాయి. ఆ గొడవ మరుగున పడేసిన అసలు విషయం బానిసత్వం మీద కుదిరిన వాక్యం.

బానిసత్వం, బానిసల వ్యాపారం మానవాళిపై నేరాలని, ఎల్లప్పుడూ అలాగే ఉండి ఉండాల్సిందని డర్బన్ ప్రకటన చెప్పింది. ఈ వాక్యంలో కాలాన్ని జాగ్రత్తగా చూడాలి. నేరం అన్న మాట వర్తమానానికి వర్తిస్తుంది. గతానికి వర్తించేది 'ఉండి ఉండాల్సింది' అన్న కోరిక. అప్పట్లో నేరమేనని రాసి ఉంటే నష్టపరిహారం బాధ్యత చట్టపరంగా మొదలయ్యేది. ఒక చర్యను అది జరిగిన కాలపు చట్టంతోనే కొలవాలన్న సూత్రాన్ని పట్టుకుని పాత వలస రాజ్యాలు ఆ అడుగు పడనివ్వలేదు. ఆఫ్రికా దేశాలు, కరీబియన్ దేశాలు కోరిన నైతిక గుర్తింపు దక్కింది, చెల్లింపు దక్కలేదు.

అయితే ఆ కాలంలో పరిహారమే ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. బ్రిటన్ 1833లో తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు 2 కోట్ల పౌండ్లు చెల్లించింది. ఆనాటి ప్రభుత్వ వార్షిక వ్యయంలో అది దాదాపు 40 శాతం. ఆ సొమ్ము బానిసల యజమానులకు వెళ్లింది. దానికోసం చేసిన అప్పుకు సంబంధించిన బాండ్ల చెల్లింపు 2015లో ముగిసింది. తిరగబడి స్వేచ్ఛ తెచ్చుకున్న హైతీ మీద 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు మోహరించి, తోటల యజమానులకు 15 కోట్ల ఫ్రాంకులు ఇవ్వాలని ఒప్పించింది. తర్వాత దాన్ని 9 కోట్లకు తగ్గించినా, దానికోసం తెచ్చిన అప్పులు తీర్చడానికి హైతీకి 1947 దాకా పట్టింది. పాత లెక్కలు ఇప్పుడు తేల్చడం అసాధ్యమన్న వాదన విన్నప్పుడు ఈ రెండు చెల్లింపుల సంగతి గుర్తుంచుకోవడం అవసరం. పుస్తకాల్లో లెక్క ఉంది, వారసత్వ బాధ్యతగా చెల్లించిన అనుభవమూ ఉంది.

ఒడంబడికల పరిధి బయట కొంత కదలిక వచ్చింది. కరీబియన్ దేశాల కూటమి 2013లో పరిహార సంఘాన్ని పెట్టి, మరుసటి ఏడాది పది అంశాల ప్రణాళిక ప్రకటించింది. ఇప్పటి నమీబియాలో 1904 - 08 మధ్య హెరెరో, నామా ప్రజలపై సాగించిన హత్యాకాండను నేటి దృష్టితో చూస్తే జాతి నిర్మూలనేనని 2021లో జర్మనీ ఒప్పుకుని, 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామంది. ఆ సొమ్మును పరిహారం అనడానికి ఒప్పుకోలేదు. తమతో నేరుగా చర్చించలేదని ఆ రెండు సమూహాల ప్రతినిధులు పలువురు అభ్యంతరం చెప్పారు. 'నేటి దృష్టితో' అన్న మాట డర్బన్ వాక్యంలోని కాల భేదానికి తోబుట్టువే.

2020 తర్వాత

2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ మరణించాక, ఆఫ్రికా దేశాల కోరికపై మానవ హక్కుల మండలి అత్యవసర చర్చ జరిపింది. మొదటి ముసాయిదా అమెరికాపై అంతర్జాతీయ దర్యాప్తు సంఘాన్ని కోరింది. బేరసారాల తర్వాత మిగిలింది ప్రపంచవ్యాప్తంగా పోలీసు వ్యవస్థల్లో జాతి వివక్షపై సమితి మానవ హక్కుల హైకమిషనర్ నివేదిక. బలమైన దేశం పేరు పత్రంలోంచి తొలగిపోయింది. అయినా ఆ నివేదిక ఆధారంగా 2021లో పోలీసు వ్యవస్థల్లో జాతి న్యాయంపై స్వతంత్ర నిపుణుల బృందం ఏర్పడింది. ఆఫ్రికా మూలాల ప్రజల శాశ్వత వేదిక కూడా అదే ఏడాది పుట్టింది. వారి కోసం ప్రకటించిన తొలి దశాబ్దం 2024లో ముగియగా, రెండో దశాబ్దం 2025లో మొదలైంది.

మరో వైపు వ్యవస్థే బలహీనపడుతోంది. ప్రతి సభ్యదేశం తోటి దేశాల ముందు కూర్చుని జవాబు చెప్పే సార్వత్రిక సమీక్ష 2008 నుంచి నడుస్తోంది. 2013లో ఇజ్రాయెల్, 2025 నవంబరులో అమెరికా తమ వంతు వచ్చిన రోజున హాజరు కాలేదు. అందరూ వస్తారన్న నమ్మకమే ఈ సమీక్షకున్న ఏకైక బలం.

న్యాయస్థానాల దారి మాత్రం మెల్లగా వెడల్పవుతోంది. క్రిమియాలో ఉక్రెయిన్ భాషలో చదువు విషయంలో రష్యా జాతి వివక్ష ఒడంబడికను ఉల్లంఘించిందని 2024 జనవరి 31న అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పిచ్చింది. అదే ఏడాది జులై 19న ఇచ్చిన సలహా అభిప్రాయంలో, పాలస్తీనా ఆక్రమిత ప్రాంతంలో ఇజ్రాయెల్ చట్టాలు, చర్యలు ఒడంబడిక మూడో అధికరణకు విరుద్ధమంది. ఆ అధికరణలో ఉన్నవి జాతి వేర్పాటు, అపార్థీడ్ అనే రెండు మాటలు. వాటిలో ఏది జరిగిందో న్యాయస్థానం విడిగా చెప్పలేదు. అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ రెండు పదాల సరిహద్దు ఎక్కడో తేలలేదన్నమాట.

లెక్కించాలా, వద్దా

వివక్ష ఫలితాల్లో దాగి ఉంటే దాన్ని చూడటానికి అంకెలు కావాలి. ఇక్కడ దేశాలు రెండుగా చీలాయి. జాతిని నమోదు చేయడమే ప్రమాదమని ఫ్రాన్స్ భావిస్తుంది. 2007 నవంబరులో అక్కడి రాజ్యాంగ మండలి జాతి ఆధారిత గణాంకాలకు తలుపు మూసింది. ఆ భయానికి చరిత్రలో బలమైన కారణమే ఉంది. నాజీ ఆక్రమణ కాలంలో యూదుల నమోదు పత్రాలు అరెస్టుల జాబితాలయ్యాయి. రువాండాలో బెల్జియం పాలకులు గుర్తింపు కార్డు మీద తెగ పేరు రాయించగా, 1994లో రోడ్ల మీద అడ్డుకట్టల దగ్గర ఆ కార్డు చూసి టుట్సీ తెగవారిని ఏరి చంపారు. బ్రెజిల్ మాత్రం జనగణనలో రంగును అడుగుతుంది. చదువులో అంతరాన్ని ఆ అంకెలతోనే చూపించి, సమాఖ్య విశ్వవిద్యాలయాల్లో కోటాల చట్టాన్ని 2012లో చేసింది. జాబితా చంపడానికీ పనికొస్తుంది, సరిదిద్దడానికీ పనికొస్తుంది కాబట్టి, అంకెలు ఎవరి చేతిలో ఉంటాయన్నదే కీలకం.

లెక్కించకపోతే వివక్ష ఆగుతుందన్న హామీ ఏమీ లేదు. ఫ్రాన్స్‌లోనే హక్కుల రక్షణ అధికారి 2017లో ప్రచురించిన సర్వేలో, అరబ్బులుగా లేదా నల్లవారుగా కనిపించే యువకులను పోలీసులు ఆపే అవకాశం మిగిలినవారి కంటే 20 రెట్లు ఎక్కువని తేలింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యాల్లో మోసాన్ని పసిగట్టడానికి వాడిన కంప్యూటర్ నమూనా, డచ్ పౌరసత్వం లేకపోవడాన్ని కూడా అనుమాన సూచికగా తీసుకుంది. వేల కుటుంబాలు తప్పు చేయకుండానే అప్పుల పాలయ్యాయి. 2021 జనవరిలో ప్రభుత్వం రాజీనామా చేసింది. ఆ నమూనాలో జాతి అన్న గడి లేదు.

ఒక రైల్వే స్టేషన్, పదిహేడేళ్లు

ఒక తనిఖీని దగ్గరగా చూస్తే పని ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. 1992 డిసెంబరులో స్పెయిన్‌లోని వాయదోలిద్ స్టేషన్‌లో భర్త, కొడుకుతో కలిసి ఒక మహిళ రైలు దిగారు. ఆమె అమెరికాలో పుట్టిన నల్లజాతి మహిళ, 1969 నుంచి స్పెయిన్ పౌరురాలు. ప్లాట్‌ఫామ్ మీద అంతమంది ఉండగా పోలీసు ఆమెనే ఆపి గుర్తింపు కార్డు అడిగారు. కారణం అడిగితే, ఆమె లాంటివారిని తనిఖీ చేయమని పైనుంచి ఆదేశాలున్నాయని, వారిలో చాలామంది అక్రమ వలసదారులని జవాబు వచ్చింది. ఆమె కోర్టుకు వెళ్లారు. 2001లో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం, ఒక మనిషి విదేశీయుడు కావచ్చనడానికి శరీర లక్షణాలు సూచనగా పనికొస్తాయంటూ తనిఖీని సమర్థించింది. 2009 జులైలో, పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక అమలును చూసే ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ అది వివక్షేనని తేల్చింది. తనిఖీకి పట్టింది కొన్ని నిమిషాలైతే, దానికి పేరు పెట్టడానికి పట్టింది దాదాపు పదిహేడేళ్లు. పోలీసు కారణాన్ని దాచకుండా పైకి చెప్పడం వల్లే ఆ పేరైనా పెట్టగలిగారు.

2022 అక్టోబరు 18న ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఒకే రోజు ఇలాంటి రెండు కేసులు తేల్చింది. చెక్ వైపు నుంచి జర్మనీలోకి వస్తున్న రైలులో తనిఖీకి గురైన భారతీయ మూలాల జర్మన్ పౌరుడి కేసులో, ఆరోపణపై స్వతంత్ర విచారణ జరపనందుకు జర్మనీని తప్పుబట్టింది. బార్సిలోనా వీధిలో ఆపిన పాకిస్తానీయుడి కేసులో మాత్రం, తనిఖీకి కారణం అతని జాతేనని చూపే ఆధారం లేదంటూ 4 - 3 ఓట్లతో స్పెయిన్‌వైపు మొగ్గింది. పోలీసు మనసులో ఏముందో బాధితుడు నిరూపించాలి. ఆ తనిఖీ గురించి పోలీసు దగ్గర కాగితం ఉండాలన్న నియమం లేకపోతే ఆ నిరూపణ దాదాపు అసాధ్యం.

ఒడంబడికకు అనుబంధంగా కొత్త ప్రమాణాలు రాయడానికి సమితి వేసిన కమిటీ 2000ల చివరి నుంచి జెనీవాలో కూర్చుంటోంది, ముసాయిదా ఇంకా కుదరలేదు. ఈలోగా మాడ్రిడ్ పక్కనున్న ఫ్వెన్లాబ్రాదా పట్టణ పోలీసులు 2007 - 08లో ఒక చిన్న పద్ధతి పెట్టి చూశారు. ఎవరిని ఆపినా, ఎందుకు ఆపారో, ఎప్పుడు ఆపారో, ఆ వ్యక్తి ఏ మూలాలవారో రాసి ఒక చీటీ చేతికివ్వాలి. కొద్ది నెలల్లోనే తనిఖీల సంఖ్య సగానికి పైగా పడిపోయింది, వలసదారులను ఆపడంలోని అసమానత తగ్గింది, ఆపినవారిలో నిజంగా ఏదో తప్పు బయటపడినవారి శాతం పెరిగింది. కారణం రాయాల్సి వచ్చిన చోట, రాయదగిన కారణం లేని తనిఖీలు ఆగిపోయాయి.